కాన్పూర్ తుక్కులోంచి లేచిన బాంబర్లు

ఈ మధ్య ఒక ఎయిర్‌షో వీడియో చూశా. అమెరికాలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-24 లిబరేటర్ బాంబర్ నాలుగు ఇంజిన్లతో హోరుమంటూ ఎగురుతోంది. దాని హిస్టరీ వెతికితే షాక్ అయ్యా. ఒకప్పుడు అది మన ఎయిర్‌ఫోర్స్ విమానం!

లిబరేటర్లు మొత్తం 18,000కు పైగా తయారయ్యాయి. యుద్ధం అయిపోయాక దాదాపు అన్నీ తుక్కు కింద పోయాయి. ఇవాళ పూర్తి విమానంగా మిగిలినవి ఇరవై కూడా లేవు. అందులో కొన్ని ఇండియా నుంచి వెళ్లినవే. ఎలాగంటారా?

యుద్ధంలో బ్రిటిష్ వాళ్లకి ఈ విమానాలు అమెరికా అప్పుగా ఇచ్చింది. యుద్ధం అయ్యాక వాటిని మళ్లీ ఎవరూ వాడకూడదు. అందుకే కాన్పూర్‌లో వరసగా నిలబెట్టి పాడు చేసేశారు. ఇంజిన్లలో ఇసుక పోశారని, మీటర్లు పగలగొట్టారని చెప్తారు.

1948 వచ్చింది. కాశ్మీర్‌లో యుద్ధం నడుస్తోంది, మన దగ్గర పెద్ద బాంబర్లు లేవు. అప్పుడు బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు, అంటే ఇప్పటి హెచ్‌ఏఎల్, కాన్పూర్ వెళ్లారు. ఒకదాంట్లో బాగున్న పార్ట్ తీసి ఇంకోదానికి బిగించారు. బెంగళూరు దాకా ఎగిరితే చాలు అన్నంత వరకే రిపేర్ చేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరు తీసుకెళ్లారు. ఆలోచించండి, ఎవరో కావాలని పాడుచేసిన విమానం అది! అసలు రిపేరంతా బెంగళూరులో జరిగింది. ఆ ఏడాది నవంబర్‌కల్లా వాటితో 5వ స్క్వాడ్రన్ మొదలైంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు, రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయిన పాత కోడ్‌ని రిపేర్ చేశా. సర్వర్ పడిపోతే రీస్టార్ట్ కొట్టేవాణ్ణి. గాల్లో రీస్టార్ట్ ఉండదు కదా.

ఆ విమానాలు 1968 దాకా ఇరవై ఏళ్లు పనిచేశాయి. చివర్లో సముద్రం మీద నిఘాకి వాడారు. ఈలోగా మిగతా ప్రపంచం తన లిబరేటర్లని కరిగించేసింది. ఇక మ్యూజియం వాళ్లందరూ మన వైపు చూశారు. కెనడా ఒకటి తీసుకుని, బదులుగా మనకి లైసాండర్ అనే పాత విమానం ఇచ్చింది. 1969లో ఒకటి అమెరికాలోని పీమా మ్యూజియానికి, 1974లో ఒకటి బ్రిటన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియానికి వెళ్లాయి. నేను వీడియోలో చూసింది 1980ల్లో విడదీసి బ్రిటన్ తీసుకెళ్లినది. తర్వాత అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ కొని, ఏళ్ల తరబడి రిపేర్ చేయించి, 1989లో మళ్లీ ఎగిరించింది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. అదే సంస్థకి చెందిన బీ-17 అనే ఇంకో పాత బాంబర్ 2019 అక్టోబర్ 2న అమెరికాలో, జనాన్ని ఎక్కించుకుని ఎగిరి, కూలిపోయింది. ఏడుగురు చనిపోయారు. మెయింటెనెన్స్ సరిగ్గా లేకపోవడం కూడా ఒక కారణమని దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడాది ప్యాసింజర్లని ఎక్కించుకునే పర్మిషన్ రద్దయింది.

మరి పాత విమానాలని ఎగరనివ్వాలా, షెడ్‌లో పెట్టాలా? ఆ ఇంజిన్ సౌండ్ వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన బోల్టు బిగుసుకోదు. కాన్పూర్‌లో ఆ విమానాలని లేపింది చేతిలో పని ఉన్న మనుషులు. ఆ పని తెలిసినవాళ్లు ఉన్నంత వరకే ఎగరనివ్వాలి, తర్వాత గౌరవంగా నేల మీద నిలబెట్టాలి. ఇదీ నా మాట.

ఢిల్లీ వెళ్తే పాలం ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం చూడండి. మన లిబరేటర్ ఒకటి అక్కడే ఉంది, కెనడా ఇచ్చిన లైసాండర్ కూడా. సెల్ఫీ తీసుకోండి, కాదనను. ఇంకో చిన్న పని కూడా చేయండి. మీ ఇంట్లో తాతయ్యో పెదనాన్నో హెచ్‌ఏఎల్‌లోనో ఎయిర్‌ఫోర్స్‌లోనో మెకానిక్‌గా చేసుంటే, పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. విమానం తుప్పు పట్టడానికి ఏళ్లు పడుతుంది. పెద్దాయన జ్ఞాపకం అంతకాలం ఆగదు.