బడిలో టీకా: మదనపల్లి నుండి కాశిబుగ్గ వరకు

ఫ్రాన్సు దేశమున కాల్మెట్, గెరిన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పశువుల క్షయక్రిమిని పదమూడేండ్లపాటు, 230 పర్యాయములు తిరిగి తిరిగి పెంచి, దాని విషమును తగ్గించిరి. 1921లో తొలిసారిగా ఒక శిశువునకు ఇచ్చిన ఆ టీకాయే బి.సి.జి.

మన దేశమునకు ఈ టీకా 1948లో వచ్చినది. తొలి ప్రయత్నమునకు ఎన్నుకొన్న కేంద్రములలో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లి యొకటి. దాని సమీపమున ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము అప్పటికే ప్రసిద్ధి చెందియుండెను. 1949లో ఈ పథకము పెక్కు రాష్ట్రముల పాఠశాలలకు వ్యాపించెను.

బడినే ఎన్నుకొనుటకు కారణము కలదు. ఆనాడు ముందుగా ముంజేతి చర్మములోనికి ట్యూబర్కులిన్ ఎక్కించెడివారు. మూడవ దినమున ఆ చోట గట్టిపడి ఉబ్బినచో, ఆ బిడ్డ శరీరములో క్షయక్రిమి అదివరకే ప్రవేశించినదని అర్థము. అట్టి గుర్తు లేనివారికే టీకా వేసెడివారు. సంతలో పరీక్ష చేయించుకొన్నవాడు మూడవనాడు తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు. బడిపిల్లవాడు మరల అదే బల్లపై కనబడును, హాజరుపట్టీలో పేరుండును.

అయినను ప్రజలలో సందేహములు లేకపోలేదు. 1955లో రాజగోపాలాచారిగారు ఈ టీకాను బహిరంగముగా వ్యతిరేకించిరి. సందేహమునకు జవాబు చెప్పవలసినది పరిశోధనయే. 1968లో చెంగల్పట్టు ప్రాంతమున ప్రారంభమైన పెద్ద పరిశీలనలో, పెద్దల ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపలేదని తేలెను. కాని పసిపిల్లల మెదడు పొరలకు సోకు క్షయనుండి అది కాపాడునని ఇతర పరిశోధనలు తెల్పినవి. కనుకనే నేడు దానిని బడిలో గాక, పుట్టగనే ఇచ్చుచున్నారు.

టీకా మారినను బడి ప్రయోజనము తగ్గలేదు. 2017 ఆగస్టులో తెలంగాణమున తొమ్మిది నెలలనుండి పదునైదేండ్లలోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకాలు వేయుటకు పూనుకొన్నప్పుడు, బడులే ముఖ్యస్థానములయ్యెను. వరంగల్లు నగరములోని కాశిబుగ్గ వంటి పేటల పిల్లలును అందులో చేరినవారే.

తట్టు అతివేగముగా అంటుకొను వ్యాధి. దానిని అరికట్టుటకు నూటికి 95 మందికైనను రెండు మోతాదులు అందవలెను. బడికి వచ్చినవారి లెక్క పట్టీలో దొరకును. రానివారి లెక్క వీధిలోనే వెదకవలెను. పట్టీలో పేరు లేని ఆ బిడ్డ ఇంటి తలుపు తట్టిననాడే బడిలో మొదలైన పని పూర్తియగును.