పొగబండి వచ్చిన పిదప తెలుగునాట దారియు, కాలమును

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి కాశికేగి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము. సుప్రీంకోర్టు దుబాసిగా పేరుగన్న వారికే పల్లకియు బోయీలును, మజిలీ మజిలీకి సామగ్రి దొరకునో లేదో యను చింతయు తప్పలేదు. వారి కాశీయాత్ర చరిత్రలో సత్రములు, ఏరులు, అంగళ్లు అంత విపులముగా వర్ణితములగుటకు కారణమిదియే: నాడు దారియే ఒక జీవనము. రైలు ఆ దారిని మాయము చేసినదని మా యభిప్రాయము.

దక్షిణమున తొలి బండి 1856లో రాయపురమునుండి వాలాజాకు నడచినది. ఆ చెన్నపట్టణపు రైలుమార్గమే 1871 నాటికి కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గముతో కలిసెను. సికింద్రాబాదు 1874లో వాడితోను, 1889లో బెజవాడతోను ముడివడినది. రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన 1900లో గాని తెరవబడలేదు. కోస్తా ఇంత వెనుకబడుటకు కాలువలును ఒక కారణము; సర్ ఆర్థర్ కాటన్ రైళ్లకంటె పడవలే చౌకయని గట్టిగా వాదించినవాడు.

దూరము తగ్గిన సంగతి యెల్లరు నెరుగుదురు. కాలగణనమున కలిగిన మార్పు ఇంకను విచారింపదగినది. జాములతో, గడియలతో పొద్దును కొలుచు పల్లెవాడు, ఇరువదినాలుగు నిమిషముల గడియలో ఒక పాలు జాగైనను బండి తప్పునని నేర్చుకొనవలసి వచ్చెను. అదియు తన యూరి పొద్దు కాదు. రైళ్లు మద్రాసు కాలమును పాటించెడివి. 1906 జనవరి 1న దేశమునకంతకు ప్రామాణిక కాలము ఏర్పడువరకు ఊరి పొద్దు వేరు, స్టేషను గడియారము వేరు.

1876–78 నాటి కరవు దత్తమండలములను పీడించినప్పుడు రైలు గుణదోషములు రెండును బయటపడెను. రైలుపై వచ్చిన ధాన్యము ప్రాణములు నిలిపినమాట నిజము. కాని బాటకు దూరమైన ఊళ్లకు ఆ గింజలు ఎద్దుబండ్లపై చేరవలె. ఎడ్లేమో మేతలేక చచ్చుచుండెను. ధర హెచ్చిన చోటికి వర్తకుడు సరకు నంపగలుగుటచే, కరవు తాకని తావులలోను ధర పెరిగెను. ధాన్యము కూలివాని కంటియెదుటనే కలదు. కొను శక్తి లేదు. రైలున్నచోట క్షామము రాదనుట ఎంతటి యపోహయో ఇందువలన తెలియుచున్నది.

మూడవతరగతి పెట్టెలో కులభేదము నశించెనని వ్రాయుట పరిపాటి. మేమంత దూరము పోజాలము. ఒకే బల్లపై సర్దుకొని కూర్చున్నవారే స్టేషను రాగానే హిందువుల నీళ్లు, మహమ్మదీయుల నీళ్లు అని వేరువేరు కుండలను వెదకిరి.

భాష విషయము మరియొకటి. పండితులు ధూమశకటమనిరి, జనులు పొగబండియనిరి. నేడు పొగయు లేదు, రైలు అను మాటయే నిలిచినది. మజిలీ యను మాటకు పాత యర్థము జారిపోయినది. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీ కథలు వ్రాయునాటికి తెలుగువాడు కాశికి రైలెక్కియే పోవుచుండెను. వారి మణిసిద్ధుడు మాత్రము కాలినడకనే పోవుచు మజిలీకొక కథ చెప్పెను.