ఇలస్ట్రేషన్ ఏజెంట్

పుస్తకాలకు, పత్రికలకు, వాణిజ్య ప్రకటనలకు బొమ్మలు వేసే స్వతంత్ర చిత్రకారుల తరఫున పని కుదిర్చి, పారితోషికం మాట్లాడి, ఒప్పందం రాయించే వ్యక్తి లేదా సంస్థ. బ్రిటన్, అమెరికాల్లో ఈ వృత్తి బాగా వేళ్లూనుకుంది. అక్కడ ఏజెంటు కమిషన్ సాధారణంగా 25 నుంచి 30 శాతం. పిల్లల పుస్తకాలు చూసే సాహిత్య ఏజెంట్లు ఎక్కువగా 15 శాతం తీసుకుంటారు.

ఏజెంటు లేకుండానే చాలామంది నిలదొక్కుకున్నారు. పత్రికల పనికి డబ్బూ తక్కువే, గడువూ తక్కువే. ఆర్ట్ డైరెక్టర్లు నేరుగా చిత్రకారులనే అడుగుతారు. ప్రకటనల సంగతి వేరు. ఒకే బొమ్మ హోర్డింగ్ మీదా, సరుకు డబ్బా మీదా, టీవీలోనూ కనిపించవచ్చు. ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. ఆ బేరం తెలిసిన ఏజెంటుకు ఇచ్చే కమిషన్ వృథా కాదు. అయితే ఏజెంటు దొరికాకే పని వస్తుందని కొత్తవారు ఎదురుచూడటం పొరపాటు. అప్పటికే పని చేస్తూ, తమకంటూ ఒక శైలి ఏర్పరచుకున్నవారినే ఏజెన్సీలు ఎక్కువగా తీసుకుంటాయి.

తమ శైలికి నప్పే పత్రికలను, ప్రచురణ సంస్థలను వెతికి, బాగా ఎంచిన కొన్ని బొమ్మలు పంపడమే పని దొరికే పాత దారి. ఇటలీలో 1964 నుంచి జరుగుతున్న బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో చిత్రకారులు తమ బొమ్మలు అంటించుకోవడానికి గోడలే కేటాయిస్తారు. లండన్‌లో 1973లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ ఇలస్ట్రేటర్స్ ధరలపైనా ఒప్పందాలపైనా సభ్యులకు సలహా ఇస్తుంది.

తెలుగు పత్రికారంగంలో ఈ మధ్యవర్తికి చోటు ఏర్పడలేదు. 1947లో మొదలైన చందమామలో చిత్రా, శంకర్ వంటివారు ఆస్థాన చిత్రకారులు. వడ్డాది పాపయ్య, బాపు వంటివారి బొమ్మలకు పాఠకుల్లో ఉన్న పేరే వారికి సిఫారసు. ఇప్పుడు విడిగా పనిచేసేవారు బేరమూ ఒప్పందమూ తామే చూసుకోవాలి.

ఇక్కడే చట్టం తెలిసుండటం అవసరం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారులు. కాబట్టి కుంచె పట్టకముందే హక్కుల మాట కాగితం మీద పెట్టుకోవాలి. హక్కులు రాసిచ్చినప్పుడు కాలపరిమితి పేర్కొనకపోతే 19వ సెక్షన్ దాన్ని 5 సంవత్సరాలుగా లెక్కిస్తుంది. ప్రాంతం పేర్కొనకపోతే ఆ హక్కు భారతదేశం వరకే.