మిరప కల్లం దాకా వచ్చిన హైకూ

తెలుగు హైకూకి తాత జపానువాడైతే తండ్రి ఇంగ్లీషువాడు. మన హైకూ కవుల్లో దాదాపు అందరూ జపాను కవి బషోను ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివారు. కాబట్టి మన హైకూ పుట్టుక చెప్పుకోవాలంటే ముందు ఆ తండ్రి సంగతి తేల్చుకోవాలి. ఆయన్ని కూడా సొంత గడ్డ మీద కవుల బంతిలో కూర్చోబెట్టడానికి వందేళ్లు పట్టింది మరి.

జపానులో నలుగురు కవులు చేరి ఒకరి తర్వాత ఒకరు అల్లుకుంటూ పోయే పద్యమాలిక ఉంది, రెంగా అంటారు. దానిలో మొదటి పద్యం హొక్కు. 5, 7, 5 చొప్పున 17 ధ్వనులు. ఏ రుతువులో కూర్చుని అల్లుతున్నారో తెలిపే మాట ఒకటి అందులో ఉండి తీరాలి. 17వ శతాబ్దంలో మత్సువొ బషో ఆ చిన్న పద్యానికి బరువు తెచ్చాడు. 1890ల్లో మసవొక షికి దాన్ని మాలిక నుంచి పూర్తిగా విడదీసి, హైకూ అన్న పేరు స్థిరపరిచాడు. క్షయతో మంచం పట్టిన షికి 1902లో, 35 ఏళ్లు నిండకుండానే పోయాడు.

రెండేళ్లకే, 1904లో, యోనె నొగుచి అనే జపాను కవి మీరూ ఈ హొక్కు రాసి చూడండని అమెరికా కవులను అడిగాడు. 1913లో ఎజ్రా పౌండ్ పారిస్ మెట్రో స్టేషన్ మీద రెండు పాదాల కవిత అచ్చువేశాడు. ఇంగ్లీషు హైకూ చరిత్ర రాసేవాళ్లు చాలామంది అక్కడే మొదలెడతారు. నాకు మాత్రం అది హైకూ గాలి సోకిన ఇమేజిస్టు కవితే అనిపిస్తుంది. పునాది వేసింది ఆర్. హెచ్. బ్లైత్. జపానులోనే స్థిరపడి, యుద్ధకాలంలో శత్రుదేశస్థుడని నిర్బంధంలో ఉండి కూడా రాత ఆపని ఈ ఇంగ్లీషు పండితుడు 1949–52 మధ్య నాలుగు సంపుటాల హైకూ గ్రంథం తెచ్చాడు. హైకూ ముచ్చట్లున్న జాక్ కెరవాక్ ‘ధర్మ బమ్స్’ నవల, హెరాల్డ్ హెండర్సన్ హైకూ పరిచయ గ్రంథం రెండూ 1958లోనే వచ్చాయి. 1963లో ‘అమెరికన్ హైకూ’ పత్రిక, 1968లో న్యూయార్కులో హైకూ సొసైటీ పుట్టాయి. ఇంత జరిగినా పెద్ద కవుల దృష్టిలో అదొక ఆటవస్తువే. బళ్లలో పిల్లల చేత వేళ్ల మీద అక్షరాలు లెక్కబెట్టించి హైకూ అనిపించడం ఆ చులకనకు కొంత కారణం.

ఆ చులకనను బద్దలుకొట్టేవాటిలో నాకు అన్నిటికన్నా పెద్దది రిచర్డ్ రైట్ కథ. 1908లో మిసిసిపీలో, పాలుకు సేద్యం చేసే నల్లజాతి రైతు ఇంట పుట్టాడు. ‘నేటివ్ సన్’ నవలతో అమెరికాను అదరగొట్టి, పారిస్‌లో స్థిరపడ్డాడు. చివరి రోజుల్లో జబ్బుపడి ఉండగా బ్లైత్ సంపుటాలు చేతికందాయి. అంతే, ఏడాదిన్నరలోపు సుమారు 4,000 హైకూలు రాశాడు. పెద్ద పెద్ద నవలలు రాసిన చెయ్యి 17 అక్షరాల దగ్గర ఆగింది. వాటిలోంచి 817 ఏరి పుస్తకంగా కట్టిపెట్టి, 1960 నవంబరులో కన్నుమూశాడు. ఆ పుస్తకం అచ్చయింది 1998లో. 38 ఏళ్లు! కోపానికి పేరుపడ్డ రచయిత వానలు, కాకులు, పొలాలు రాస్తే ఎవరు కొంటారనుకున్నారో ఏమో.

కార్ వాన్ డెన్ హ్యూవెల్ 1974లో మొదట తెచ్చిన హైకూ సంకలనం, 1999 నాటికి నార్టన్ లాంటి పేరున్న ప్రచురణకర్త చేతికి వెళ్లింది. 2002లో మసవొక షికి అంతర్జాతీయ హైకూ పురస్కారం అందుకున్నవాళ్లలో ఆయనా, హిందీలో హైకూకి దారి వేసిన సత్యభూషణ్ వర్మా ఇద్దరూ ఉన్నారు. 2013లో అదే నార్టన్ నూరేళ్ల ఇంగ్లీషు హైకూ సంకలనం వేసింది, 800కు పైగా కవితలతో. ముందుమాట రాసింది అమెరికా ఆస్థానకవిగా పనిచేసిన బిల్లీ కాలిన్స్. ఇక బంతిలో విస్తరి పడ్డట్టే.

తెలుగులో ఈ తంతు చాలా తొందరగా ముగిసింది. పక్కన తమిళంలో సుబ్రహ్మణ్య భారతి 1916లోనే జపాను కవిత్వం గురించి రాశారు. మనకు మాత్రం 1990ల మొదట్లో గాలి నాసరరెడ్డి అనువాదాలతో ఊపు వచ్చింది. పెన్నా శివరామకృష్ణ సొంతంగా రాయడమే కాక ‘దేశదేశాల హైకూ’ తెచ్చారు. బి.వి.వి. ప్రసాద్ హైకూతోనే పేరు తెచ్చుకున్నారు. కాకినాడ పి.ఆర్. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన ఇస్మాయిల్ అప్పటికే పెద్ద కవి. ఆయన 1997లో ‘కప్పల నిశ్శబ్దం’ హైకూ సంపుటి వేశాక తెలుగు హైకూని ఆట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కానీ అదే 1997లో ఎన్. గోపి నానీలు మొదలయ్యాయి. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. జనం అటు తిరిగారు. ఆశ్చర్యం లేదు. వేమన పద్యంలో మకుటం తీసేస్తే మిగిలేదీ మూడు పాదాలే, కాని మూడో పాదంలో తీర్పు పడిపోతుంది. మన చెవికి ఆ తీర్పు, ఆ చమత్కారం కావాలి. హైకూ తీర్పుకి ముందే ఆగిపోతుంది. ఇంకా ఏదో చెప్పాల్సింది మిగిలిందని మనవాడు ఎదురుచూస్తాడు.

నాకున్న ఫిర్యాదు వేరే. అక్షరాల లెక్క వదిలేశామంటే సరే, ఇంగ్లీషువాళ్లూ వదిలేశారు. రుతువును సూచించే మాటను ఎందుకు వదిలాం? జపానువాళ్లు దానికోసం ప్రత్యేక నిఘంటువులు వేసుకున్నారు. అమెరికాలో విలియం హిగ్గిన్సన్ 1996లో ప్రపంచ దేశాల రుతుపదాలతో ‘హైకూ వరల్డ్’ కూర్చాడు. మనకి పంచాంగంలోనే 27 కార్తెలున్నాయి. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మృగశిర చల్లబరుస్తుంది, తొలకరి తడికి ఎర్రటి ముఖమల్ ముద్దలాంటి ఆరుద్ర పురుగు నేలమీదికొస్తుంది. ఇక మా పల్నాడు లెక్క పల్నాడుకుంది. ఈపూరు చుట్టుపక్కల ‘తాలు ఏరుతున్నారు’ అంటే చాలు, నెల చెప్పనక్కర్లేదు. కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తెల్లకాయలు వేరుచేసే ఆడవాళ్లు, ముక్కుకి కట్టుకున్న కొంగులు, ఘాటుకి దగ్గులు, అన్నీ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. పత్తి తీత, కాలువకు సాగర్ నీళ్లు వదిలిన రోజు, ఇవీ అంతే.

తెలుగు రుతుపదాల పుస్తకం ఒకటి వేయాలంటే కవుల సభ పెట్టనక్కర్లేదు. గంటల పంచాంగం ఒకటి ముందు పెట్టి, ఈపూరులో మిరప పండించే రైతునూ కోనసీమలో కొబ్బరి దింపేవాణ్నీ కూర్చోబెట్టి రాసుకుంటూ పోతే ముప్పాతిక పని అయిపోతుంది.