మిథ్యాలోకం, జూదం: మయసభ నుండి మాయాబజార్ వరకు

కంప్యూటర్ ఆటలో ప్రవేశించి, మరో రూపు ధరించి, లేని లోకంలో సాహసాలు చేసే యువకుల కథలు ఆంగ్ల విజ్ఞాన కల్పనా సాహిత్యంలో ఒక శాఖగా స్థిరపడ్డాయి. ఎర్నెస్ట్ క్లైన్ నవల 'రెడీ ప్లేయర్ వన్' (2011) వీటిలో బహుళ ప్రచారం పొందింది. ఆటగాడి మారురూపానికి అక్కడ వాడే 'అవతార్' సంస్కృత పదమే. 1985 నాటి 'అల్టిమా 4' ఆట పేరులోనూ అది కనిపిస్తుంది. పదం ఇక్కడిదైనంత మాత్రాన భావన కూడా ఇక్కడిదేననడం తొందరపాటు అవుతుంది. అయితే మిథ్యాలోకాన్నీ ఆటనూ జతచేసిన కథలు తెలుగువారికి చిరపరిచితాలు.

నన్నయ సభాపర్వంలో మయుడు నిర్మించిన సభను చూడవచ్చిన దుర్యోధనుడు నీటిని నేలగా, నేలను నీరుగా భ్రమిస్తాడు. ఆ పరాభవమే ద్యూతానికి దారితీస్తుంది. భ్రమపడినవాడు ఒకడు, రాజ్యం పోగొట్టుకున్నవాడు మరొకడు. పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినప్పుడు చట్టాల దృష్టి పణంపైనే నిలిచింది. ఆటగాణ్ణి పణం వరకూ నడిపించే భ్రాంతిని కావ్యం ముందే చిత్రించింది.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో విడుదలైన 'మాయాబజార్'కు మూలమైన శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. పింగళి నాగేంద్రరావు రచనలో ఈ కథ మలుపు తిరిగేది కూడా జూదం వల్లనే. పాండవులు రాజ్యం కోల్పోగానే అభిమన్యుడితో అనుకున్న సంబంధం తప్పిపోతుంది. అప్పుడు ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చి పెళ్లికూతురవుతాడు. అతని అనుచరులు కల్పించిన నగరంలో విడిది చేసిన కౌరవ పరివారాన్ని కంబళులు, తల్పాలు ముప్పుతిప్పలు పెడతాయి. మయసభలో జూదానికి కారణమైన మాయ ఇక్కడ జూదానికి విరుగుడు.

ఈ చిత్రంలోని ప్రియదర్శిని పేటికను నేటి ల్యాప్‌టాప్‌కు పూర్వరూపంగా చెప్పుకోవడం పరిపాటి. ఈ పోలిక సరదాగా ఉంటుంది గానీ నిలవదు. ల్యాప్‌టాప్ అడిగినవారిని చూపుతుంది. ప్రియదర్శిని అడగకుండానే చూసేవారి మనసులోని ప్రియవస్తువును బయటపెడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపించడం సహజమే. కృష్ణుడికి మాత్రం శకుని కనిపిస్తాడు. చివర సత్యపీఠం ఎక్కించి నిజం పలికించేదీ ఆ పాచికల శకుని చేతనే.