లుబ్ధావధాన్లుకు ఆ పేరెవరు పెట్టారు?

కొడుకు పుడితే ‘లోభి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టే తల్లిదండ్రులు ఎక్కడా ఉండరు. అయినా నూరేళ్లకు పైగా ‘కన్యాశుల్కం’ చదువుతున్నవాళ్లెవరూ లుబ్ధావధాన్లు దగ్గర ఆగి, ఇదేం పేరయ్యా అనుకోరు. వెనకున్న ‘అవధాన్లు’ ముందున్న ‘లుబ్ధ’ను కాపాడేసింది. అగ్రహారంలో అలాంటి పేర్లు వినీ వినీ ఉన్న చెవికి అది నిజం పేరులాగే తోస్తుంది. పాత్రకు పేరు అర్థం చూసి పెట్టాలా, వినికిడి చూసి పెట్టాలా అన్న తగువు మన సాహిత్యంలో ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే ఈ పిసినారి ముసలాయన దగ్గర మొదలుపెట్టడమే మేలు.

తగువు మాత్రం ఆయనకంటే చాలా పాతది. పేర్లకు సంస్కృత లాక్షణికులు ఏకంగా నియమాలే రాశారు. పద్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడి ‘సాహిత్యదర్పణం’ ప్రకారం నాటకంలో వేశ్య పేరు దత్త, సిద్ధ, సేన అన్న మాటలతో ముగియాలి. వర్తకుల పేర్లు ఎక్కువగా ‘దత్త’తో ముగియాలి. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో వేశ్య పేరు వసంతసేన. పేరు వినగానే మనిషి గుణం కాకపోయినా, కులవృత్తి ప్రేక్షకుడికి తెలిసిపోవాలన్నది ఆ కాలపు లెక్క.

తెలుగు కావ్యంలో దీనికి మంచి ఉదాహరణ ప్రవరుడు. సంస్కృత మార్కండేయ పురాణంలో అరుణాస్పదపురపు బ్రాహ్మణుడికి పేరు లేదు. ద్విజులలో ‘ప్రవరుడు’, అంటే శ్రేష్ఠుడు అని మాత్రమే ఉంది. పెద్దన మనుచరిత్రకు వచ్చేసరికి ఆ విశేషణమే ప్రవరాఖ్యుడై కూర్చుంది. ఇప్పుడు ఆడవాళ్ల వైపు కన్నెత్తి చూడని మగవాణ్ణి ప్రవరాఖ్యుడంటాం. విశేషణం పేరైంది, ఆ పేరు మళ్లీ విశేషణమైంది.

నవల వచ్చాక కథానాయకుడు మన వీధి మనిషయ్యాడు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో మొదలై 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణ ఉన్నా, కందుకూరి అందులోని కథానాయకుడు ప్రింరోజును ధవళేశ్వరం గృహస్థుగా మార్చి రాజశేఖరుడని పిలిచారు. ఊరికి తగిన పేరు కావాలన్న పట్టింపు అప్పుడే కనిపిస్తుంది.

ఆ పట్టింపును గురజాడ ఆటగా మార్చారు. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో దాదాపు తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో రెండు రకాల పేర్లూ ఒకే రంగస్థలం మీద తిరుగుతాయి. కోపిష్ఠి అగ్నిహోత్రావధాన్లు, మంచి వకీలు సౌజన్యారావు పంతులు, వేషాలేయించి పన్నాగం పన్నే కరటకశాస్త్రి: వీళ్లందరివీ అర్థం చూసి పెట్టిన పేర్లే. కరటకుడు పంచతంత్రంలో నక్క. బుచ్చమ్మ, పోలిశెట్టి, అసిరి మాత్రం నిఘంటువుకు దొరకరు. అవి ఉత్తరాంధ్ర ఇళ్లలోంచి, వీధుల్లోంచి నేరుగా నడిచొచ్చిన పేర్లు.

ఇక గిరీశం. గిరికి ఈశుడు, శివుడు. అతని చుట్టలకూ, బడాయికీ, లెక్చర్లకూ ఆ అర్థంతో ఏ సంబంధమూ లేదు. కానీ గిరీశం, వెంకటేశం, మహేశం అని వరసగా పలికి చూడండి. గురువూ శిష్యుడూ, ఆడపిల్ల వేషం కట్టిన కుర్రాడూ ఒకే ప్రాసలో వస్తారు. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి మొగల్తూరు నుంచి ఓడెక్కించిన పార్వతీశం కూడా ఆ ‘ఈశం’ వంశమే, ఆ పేరూ శివుడిదే. అయినా గిరీశం ఊరిని మోసం చేయగలడు, పార్వతీశాన్ని ఊరే మోసం చేయగలదు. నవల పేరులో ‘బారిస్టర్’ పక్కన నిలబెట్టగానే ఆ పాతకాలపు పేరు నవ్వు పుట్టిస్తుంది.

రాజశేఖరుడూ శివుడే, తలపై చంద్రుణ్ణి ధరించినవాడు. 1880లో ఆ పేరు ఆస్తి పోగొట్టుకున్న పెద్దమనిషిది. 1960లలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో ధనవంతుడైన అందగాడు రాజశేఖరం. అర్థం అక్షరం మారలేదు, చెవిలో మాత్రం ముసలి పేరు పడుచుదైంది. పేర్లకు వయసుంటుంది, అది నిఘంటువులో ఉండదు.

అర్థాన్ని పూర్తిగా వదిలేసి వినికిడితోనే బతికిన పేరు కావాలంటే ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’లోకి వెళ్లాలి. శ్రీకాళహస్తి అమ్మవారి శ్రీ జ్ఞానప్రసూనాంబ అన్న పేరు పిల్లల నాలుక మీద అరిగి సీగానపెసూనాంబ అయింది. అక్షరాలు విరిగిన చోటే ఆ పిల్ల వయసు కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ లెక్కను సముద్రం దాటించి చూద్దాం. దక్షిణ అండమాన్‌లో వండూరు, తిరూరు, మంజేరి అన్న ఊళ్లున్నాయి. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత అక్కడి నుంచి ఆ దీవులకు పంపిన మాప్పిళ్ల ముస్లింలు తమ ఊళ్ల పేర్లనే అక్కడా పెట్టుకున్నారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఆ దీవుల్లో చాలామందే. అదే దీవిలోని చౌల్దారీలో జరిగినట్టు కథ రాస్తే, తాతకు అసిరినాయుడని పేరు పెట్టగానే ఊరూ తరమూ ఓడ ప్రయాణమూ ఒక్క మాటలో వచ్చేస్తాయి. మనవడి పేరే కష్టం. బడిలో, బజారులో హిందీ మాట్లాడే పిల్లాడికి అసిరి అంటే అబద్ధంలా ఉంటుంది. రాహుల్ అంటే నప్పుతుంది, అది బుద్ధుడి కొడుకు పేరన్న సంగతితో పనే లేదు.

వినికిడి అంటే రచయిత మూడ్ కాదు. పేరులోని కులం, జిల్లా, తరం, చదువు పాఠకుడికి అసంకల్పితంగా చేరడమే వినికిడి. అర్థం చూడటానికి నిఘంటువు చాలు. వినికిడి చూడాలంటే ఆ ఊరి బడి హాజరుపట్టీ తిరగేయాలి.