స్వదేశీ చిప్పు, ఊరందరి కంపైలరు

2018లో మద్రాసు ఐఐటీ వాళ్ళ ‘శక్తి’ ప్రాసెసర్ గురించి పేపర్లలో వచ్చినప్పుడు, మా సంఘం సమావేశంలో ఒక పెద్దాయన ఆవేశంగా మాట్లాడారు. నూటికి నూరుపాళ్ళూ మనదే, పరాయివాళ్ళ సాయం చిల్లిగవ్వంత కూడా లేదన్నారు. నేను అడిగింది ఒక్కటే: “దాని మీద నడిచే ప్రోగ్రాముల్ని ఏ కంపైలర్‌తో తయారు చేస్తారండీ?” ఆయన మొహం చిట్లించారు. జ్యోతిష్కుడిని రుజువులడిగే మనం దేశం పేరెత్తగానే నోరు మూసుకోవాలా? ఆరోజు నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

ప్రాసెసర్‌కి తన సొంత ఆదేశాలు తప్ప ఇంకేమీ అర్థం కావు. మనం సి లాంటి భాషలో రాసినదాన్ని ఆ ఆదేశాల్లోకి మార్చేది కంపైలర్. అది లేకపోతే కొత్త ప్రాసెసర్ ఖరీదైన ఇసుకపలుకే. ఇల్లలకగానే పండగ కాదు కదా! (కొత్త కంప్యూటర్‌కి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టే ఆఫీసుల్లో కూడా కంపైలర్‌కి ఎవరూ దణ్ణం పెట్టరు.)

1987 మార్చిలో రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ అనే కంపైలర్‌ని విడుదల చేశాడు. అప్పట్లో అది వాక్స్, సన్ యంత్రాలకే పనికొచ్చేది. కిటుకు దాని నిర్మాణంలో ఉంది. భాషని అర్థం చేసుకునే భాగం వేరు, యంత్రం సంగతులు వేరు. ఫలానా ప్రాసెసర్‌లో ఏయే ఆదేశాలున్నాయో వర్ణించే ఫైలు విడిగా ఉంటుంది. ఈ పద్ధతికి మూలం డేవిడ్‌సన్, ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకుల ఆలోచన. కాబట్టి కొత్త ప్రాసెసర్ వస్తే కంపైలర్ మొత్తం తిరగరాయక్కర్లేదు, వర్ణన రాస్తే చాలు. చాలు అన్నాను గానీ, దానితోపాటు అసెంబ్లర్, లింకర్, డీబగ్గర్ అన్నీ కదలాలి. ఏళ్ళు పడుతుంది.

ఏఎండీ వాళ్ళు ఈ సంగతి ముందే గ్రహించారు. తమ 64 బిట్ల ప్రాసెసర్ వివరాలు 2000 ఆగస్టులోనే బయటపెట్టారు. చిప్పు ఇంకా పుట్టలేదు, దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ మీదే కంపైలర్ పని సాగింది. 2002 మేలో వచ్చిన జీసీసీ 3.1లో అది చేరిపోయింది. చిప్పు అమ్మకానికి వచ్చింది 2003 ఏప్రిల్‌లో! ఇంటెల్, హెచ్‌పీల ఇటానియం కథ వేరు. ఏయే ఆదేశాలు ఒకేసారి నడపొచ్చో కంపైలరే కనిపెట్టుకోవాలని భారమంతా దాని నెత్తినే పెట్టారు. ఆశించినంత ఫలితం రాలేదు. 2001లో వచ్చిన ఆ ప్రాసెసర్ సరఫరా 2021లో ఆగిపోయింది, 2024 జనవరిలో లినక్స్ కెర్నల్ కూడా దాన్ని వదిలించుకుంది.

సరే, శక్తి సంగతి. అది 2010లో బర్క్‌లీలో మొదలైన రిస్క్-ఫైవ్ అనే ఆదేశాల పట్టికను అనుసరిస్తుంది. ఈ పట్టిక ఎవరైనా వాడుకోవచ్చు. జీసీసీ 2017లో, లినక్స్ కెర్నల్ 2018 జనవరిలో, ఎల్ఎల్‌వీఎం అనే ఇంకో కంపైలర్ 2019లో దాన్ని అధికారికంగా చేర్చుకున్నాయి. నా ప్రశ్నకి జవాబు అదీ: జీసీసీ. శక్తి వాళ్ళు దాన్ని దాచిపెట్టలేదు కూడా. అంతేకాదు, 2018 నాటి మొదటి చిప్పుల్ని అచ్చువేసింది అమెరికాలోని ఇంటెల్ కర్మాగారం. తర్వాత ఇంకో చిప్పు చండీగఢ్‌లో తయారైంది.

నన్ను ఆకట్టుకునేది వేరే విషయం. జీసీసీ సరిగ్గా ఉందో లేదో చూడటానికి దాన్ని మూడుసార్లు నిర్మిస్తారు. మొదట పాత కంపైలర్‌తో, తర్వాత అలా వచ్చిన కొత్తదానితో, ఆ వచ్చినదానితో మళ్ళీ. రెండోదీ మూడోదీ సరిపోలాలి, లేకపోతే తప్పు ఉన్నట్టే. ఆపైన వేలకొద్దీ పరీక్షలు.

ఇదైనా చాలదని 1984లోనే కెన్ థామ్సన్ చూపించాడు. కంపైలర్‌లో ఒక దొంగ పనిని దూర్చి, దాని ఆనవాలు సోర్సులోంచి చెరిపేయొచ్చు. ఆ కంపైలర్ తన తర్వాతి తరాన్ని తయారుచేసేటప్పుడు దొంగనీ మళ్ళీ దూరుస్తుంది. రెండోదీ మూడోదీ చక్కగా సరిపోలతాయి! దీనికి విరుగుడుగా, సంబంధంలేని ఇంకో కంపైలర్‌తో అదే సోర్సుని నిర్మించి ఫలితాలు పోల్చే పద్ధతిని డేవిడ్ వీలర్ 2005లో వివరించాడు. ఒకే సాక్షిని నమ్మకూడదన్నమాట.

మొన్న ఆ పెద్దాయనకి ఇదంతా చెప్పాను. “అయితే మనదేమీ లేదంటావా?” అన్నారు. ఉందండీ, చిప్పు రూపకల్పన మనవాళ్ళదే, దాని సోర్సు ఎవరైనా చూడొచ్చు అన్నాను.

“నువ్వు చూశావా?”

చూడలేదు. ఆ ఆదివారం సోర్సు దించుకుని కూర్చున్నాను. అది రాసింది బ్లూస్పెక్ అనే భాషలో. దాని కంపైలర్ 2020 దాకా ఒక అమెరికా కంపెనీ గుప్పిట్లోనే ఉండేదని అప్పుడు తెలిసింది. రెండో ఫైలు దగ్గర ఆగిపోయాను. ఆ సంగతి కూడా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.